పాలు తాగిన తీగ

ఒక తీగ మనిషి పరువు తీయగలదా అని ఎవరైనా అడిగితే, పరువుతో ఆగదు, తలపాగా, అంగీ కూడా విప్పిస్తుందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కళ్లారా చూసినవాణ్ణి. విప్పింది నాకు కాబోయే మామ. విప్పించింది నేను. ఆ పూట నా పెళ్లి ఉంటుందా పోతుందా అన్నది ఒక గంపెడు పేడ మీద ఆధారపడింది. నవ్వాలనుంటే నవ్వండి, కానీ చివరిదాకా విని నవ్వండి. సగం విని లేచిపోయే అలవాటే నా కొంప ముంచింది.

పోలీసు చర్య జరిగి ఐదారేళ్లయింది. నాకు ఇరవై మూడేళ్లు. వికారాబాద్‌లో ఒక దఫ్తరు మొత్తం నా భుజాల మీదే నడిచేది. సరే, నడవలేదు. నేను గుమాస్తాని, ఫైళ్లకు దారం కట్టేవాణ్ణి. కానీ దారం లేకపోతే ఫైలు ఎక్కడుంటుందో మీరే చెప్పండి. సాయమ్మ అనే ముసలామె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆ గది ముందు జేగురు మట్టి వాకిలి, వాకిట్లో రాళ్ల కుప్ప, పగిలిన రోలు, మేక కూడా వద్దనుకున్న ఒక జిల్లేడు చెట్టు. మొక్కల విషయంలో నా ఆస్తి అంతే.

పిల్లను చూడటానికి తాండూరు పోయాం, నేనూ మా మేనమామా. తాండూరంటే నాపబండలు. వాళ్లింట్లో గచ్చు బండ, గోడ బండ, పశువుల తొట్టి బండ, వాకిలంతా బండ. వేలు గుచ్చేంత మట్టి లేదు. పిల్ల తండ్రి నర్సింహారెడ్డి పటేల్ ఎదురుగా కూర్చున్నాడు. వంద ఎకరాల కంది చేలున్న మనిషి, తెల్లటి పంచె, ముడత లేని అంగీ, గుడి గోపురమంత తలపాగా. పిల్ల పేరు సుగుణ. ఆ రోజుల్లో పెళ్లిచూపుల్లో పిల్ల నోరు విప్పేది కాదు. ఈమె మాత్రం మా మేనమామ నోట్లో లడ్డూ ఉన్న సమయం చూసి, తలెత్తి నన్నే అడిగింది.

"మీ ఇంటికాడ మట్టి ఉంటదా? ఏం పూలు పూస్తయి?"

జిల్లేడు అని చెప్పి ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ ఆ కళ్లు చూసినవాడు జిల్లేడు అని ఎట్లా చెప్తాడు? "అనంతగిరి గుట్ట మీద పూసే పువ్వు ప్రతి ఒక్కటీ మా వాకిట్ల ఉన్నది. నాలుగు వందల రకాలు. అన్నీ నేనే సాదుతున్న" అన్నాను.

పటేల్ గొంతు సవరించుకున్నాడు. "గునుగున్నదా?"

"ఉన్నది."

"గునుగు మా కంది చేన్ల కలుపు. కూలోళ్లను పెట్టి పీకిపిస్త. నువ్వు సాదుతున్నవా?"

"సాదుతున్న."

సుగుణ తల దించుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఇంకో నాలుగు వందలు కలిపేవాణ్ణే, మేనమామ కాలు తొక్కాడు. పటేల్ మాత్రం నవ్వలేదు.

"పోయినేడు ఒక పిలగాడు రెండు జతల ఎడ్లున్నయన్నడు. పోయి చూస్తే ఒకటే జత. ఎడ్లు మంచియే, పిలగాడు గూడ మంచోడే. కాని అబద్ధమాడినోనికి పిల్లనియ్యనని లేచొచ్చిన. ఇప్పుడు ఎండకాలం, పూలుండయి. పూసినంక నేనే వస్త, తోట చూస్త. తాంబూలాలు గప్పుడే."

తిరుగు బండిలో వికారాబాద్ దాకా మా మేనమామ నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "ఎన్ని రకాలు?" అన్నాడు. "ఒకటి" అన్నాను.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఒక్క అబద్ధానికి వెయ్యి మొక్కలు నాటమన్న పెద్ద ఎవరూ లేడు, ఆ గతి నాకే పట్టింది. ఎండాకాలమంతా దఫ్తరు విడవగానే గడ్డపార పట్టాను. జేగురు మట్టి ఎండితే ఇనుముకు తాత. రెండు గడ్డపారలు విరిగాయి. అంటే, ఒక దాని మొన వంగింది. అనంతగిరి గుట్ట, చేల గట్లు తిరిగి, ఎండిన గునుగు కంకులు, తంగేడు కాయలు, పేరు తెలియని గింజలు జేబులనిండా తెచ్చాను. ఎవరినీ అడగడానికి లేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. తాండూరు ఎంత దూరం? పాసింజరు బండిలో గంటన్నర. మాటకు అది కూడా అక్కరలేదు.

ఇంతా చేస్తే, చూడగానే పటేల్ కంటికి నిండుగా కనిపించేది ఒకటి కావాలనిపించింది. పందిరి మీదికి ఎగబాకే అడవి తీగ. అడవి గింజలన్నీ ఉండే చోటు బజారులో ఒక్కటే, హకీం సాబ్ కొట్టు. తెల్ల గడ్డం, మెత్తని మాట, ఊరందరి రోగాలూ తెలిసి ఒక్కటీ బయటపెట్టని మనిషి. నేను అటూ ఇటూ చూసి, కొట్లో తల దూర్చి, రహస్యంగా అడిగాను.

"హకీం సాబ్, అడవి గింజలు కావాలె. జోరుగ పనిజేసేటియి. ఎవరికి చెప్పొద్దు."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "శాదీ కుదిరిందా బేటా?"

"కుదరాలె. దీని మీదనే ఉన్నది."

ఆయన కళ్లలో జాలి నిండింది. లోపలికి పోయి, నల్లగా నిగనిగలాడే గింజలు ఒక పొట్లం తెచ్చాడు. "ఫికర్ జెయ్యకు. నీ వయసోళ్లు మస్తు మంది వస్తరు, దీంట్ల సిగ్గు లేదు. ఆవు పాలల్ల ఒక దినం నానబెట్టు. తర్వాత..."

అప్పుడే మా దఫ్తరు పెద్ద గుమాస్తా అటు రావడం కనబడింది. నేను పొట్లం జేబులో వేసుకుని మాయమయ్యాను. తర్వాత ఏముంటుంది, నాటడమే కదా అనుకున్నాను. సాయమ్మ దగ్గర పావుసేరు ఆవు పాలు తీసుకుని, ఒక దినం నానబెట్టి, పందిరి గుంజల మొదట్లో నాటాను. పాముకు పాలు పోసి పెంచినవాడు అమాయకుడు. పాము పామని వాడికి కనీసం తెలుసు.

మృగశిర కార్తెకు వాన పడింది. వాకిలంతా పచ్చగా మొలిచింది. ఇక్కడొక చిక్కు. తోటలో కలుపు తీయాలంటారు. తోటే కలుపైనప్పుడు ఏం తీయాలి? నెల రోజులు కడవలతో నీళ్లు మోసి నేను పెంచింది గరిక అని తేలింది. అడ్డం వస్తున్నదని పీకి పారేసింది గునుగు. మళ్లీ గింజలు చల్లాను. తంగేడు వేలెడెత్తు పెరిగి, ఈ ఏడాదికి ఇంతే అని మొండికేసింది. శ్రావణంలో తుమ్మి తెల్లగా పూసింది, భాద్రపదంలో కట్లపూలు నీలంగా, వాటి వెనకే రెండోసారి చల్లిన గునుగు వెండి కుచ్చుల్లా లేచింది. నేను లెక్కపెట్టాను. నాలుగు వందల రకాలు కాలేదు. నలభై కాలేదు. పదకొండు. అందులో ఒకటి పాత జిల్లేడే.

కానీ తీగ ఉన్నదే, అది చూడాలి. పాలు తాగిన పుణ్యమో ఏమో, పందిరెక్కి, సాయమ్మ కప్పు మీదికి చేయి చాపింది. దసరా ముందర ముదురు ఊదారంగు గుత్తులు జూకాల్లా వేలాడాయి. నేను రోజూ దాని కింద నిలబడి, నా అంత తోటమాలి నిజాం తోటల్లో కూడా లేడనుకునేవాణ్ణి.

సాయమ్మ ఒక పొద్దున మేకను తోలుకుపోతూ ఆగి, తీగను, నన్ను మార్చి మార్చి చూసింది. మేకను దూరంగా కట్టేసి వచ్చి నా భుజం తట్టింది. "రందిపడకు కొడుకా. మా ముసలాయనకు గూడ లగ్గమైన కొత్తల గట్లనే ఉండె. తర్వాత ఏడుగురు పుట్టిండ్రు."

తోటపనికీ ఏడుగురు పిల్లలకూ సంబంధమేమిటో నాకు తోచలేదు. వయసు మీద పడింది పాపం అనుకున్నాను. ఆ తర్వాత వీధిలో మగవాళ్లు నన్ను చూసి మరీ మర్యాదగా పలకరించడం, ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకోవడం గమనించాను. తోట మహిమ అనుకున్నాను.

బతుకమ్మకు ఒక గంప నిండా గునుగు, కట్లపూలు, మీద ఊదా గుత్తులు పేర్చి, తాండూరు పోతున్న పటేల్ చుట్టం ఒకాయన చేత పంపాను. తంగేడు గుట్ట మీద కోసి కలిపాను, అది వేరే మాట. మెచ్చుకుంటూ కబురు వస్తుందని చూశాను. కార్డు వచ్చింది. దసరాకు రావాల్సిన పటేల్ దీపావళి అయినంక వస్తానన్నాడు. దీపావళి అయింది, కంది కోతలయ్యాక అన్నాడు. కార్డు కార్డుకూ మాటలు తగ్గుతున్నాయి. నా వాకిట్లో పూలూ తగ్గుతున్నాయి. తుమ్మి ఎండింది, కట్లపూలు రాలాయి, గునుగు నెరిసిన గడ్డంలా మిగిలింది. ఒక్కో పువ్వు రాలుతుంటే నా పెళ్లి రోజు ఒకటి రాలినట్టుండేది. చలికాలం నడిమికి పచ్చగా నిలబడింది ఆ తీగ ఒక్కటే. దాని నిండా కాయలు, పిల్లి పాదాల్లా మెత్తగా, బంగారు రంగు నూగుతో ఎండలో మెరిసేవి.

ఆ వారం నాకు ఒళ్లంతా ఒకటే దురద. నల్లులనుకుని మంచానికి వేడినీళ్లు పోశాను, మంచం మీది కొత్త దుప్పటి, తువ్వాలు ఉతికి తీగ పందిరికే ఆరేశాను. ఈ మాట గుర్తుంచుకోండి. నాకు గుర్తులేకనే ఇంత జరిగింది.

చివరికి కార్డు వచ్చింది, ఆదివారం పొద్దుటి బండికి వస్తున్న అని. నా గుణగణాలకు సాక్షిగా ఒక పెద్దమనిషి ఉంటే మంచిదని హకీం సాబ్‌ను రమ్మని బతిమాలాను. ఆయన అంతవరకు మా వాకిలి చూడలేదు.

పటేల్ వచ్చాడు. మామా అనాలో పటేలా అనాలో తెలియక, "మామా పటేలా" అన్నాను. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, ఉతికిన తువ్వాలు అందించాను. ఆయన మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, తలపాగా తీసి నెత్తి కూడా తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అప్పుడు తీగ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"గదేంది?"

"మా తోటకు రాజు. పందిరి కింద కూసోండ్రి, మస్తు చల్లగుంటది."

"వద్దు. నేను గాలికి ఇటే కూసుంట."

దూరంగా గోడ పక్కన మంచం వేసి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచాను. ఆయన కూర్చున్నాడు. వాకిలంతా కళ్లతో కొలుస్తున్నాడు. ఎండిన గునుగు, వేలెడు తంగేడు, జిల్లేడు.  నాలుగు వందలేవి అని అడిగితే ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్న మాటలన్నీ పోయాయి. కానీ ఆయన అడగలేదు. మళ్లీ మళ్లీ ఆ తీగనే చూస్తున్నాడు.

అంతలో గేటు దగ్గరికి హకీం సాబ్ వచ్చి, అడుగు లోపల పెట్టబోయి ఆగిపోయాడు. నన్ను చేయి పట్టి గోడ చాటుకు లాగాడు.

"బేటా, ఇది నేనిచ్చిన గింజనా?"

"మీరిచ్చిందే. పాలల్ల నానబెట్టే నాటిన."

ఆయన నెత్తి పట్టుకున్నాడు. "అరే, నేను కడుపులకిచ్చిన, నువ్వు పందిరికెక్కించినవా? ఇది దూలగొండి."

తెలియనివాళ్ల కోసం చెప్తాను. దూలగొండి కాయ మీది నూగు ఒంటి మీద పడితే మనిషి గోడకు వీపు గీరుకుంటాడు. దాని గింజేమో పాలలో నానబెట్టి, పొట్టు తీసి, దంచి, మగతనం తగ్గిందనుకునే వాళ్లకు హకీములిచ్చే మందు. సాయమ్మ ఏడుగురు పిల్లలు, వీధి మర్యాదలు, ఆడవాళ్ల కొంగులు, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. భూమి చీలితే బాగుండేది. తవ్వి చూసినవాణ్ణి కదా, ఆ మట్టి చీలదు.

ఒక్కటే ధైర్యం. పటేల్ తీగకు దూరంగా కూర్చున్నాడు. అమ్మయ్య అనుకుని అటు తిరిగాను. ఆయన భుజాన తువ్వాలు. ఆయన కింద దుప్పటి. రెండూ రెండు రోజులు ఎక్కడ ఆరాయో అప్పుడు గుర్తొచ్చింది.

పటేల్ ఒక వేలితో మెడ గీరుకున్నాడు. పెద్దమనిషి గీరుకున్నట్టే, సుతారంగా. తర్వాత రెండు వేళ్లు. తర్వాత చెయ్యి. "మామా పటేలా, లోపలికి పోదాం" అన్నాను.  చెవి వెనక, నెత్తి మీద, వీపు మీద, చేతులు రెండే ఉన్నాయని దేవుణ్ణి తిట్టుకునే మనిషిలా గీరుతున్నాడు. నేను భయపడి చెంబెడు నీళ్లు ఆయన నెత్తిన పోశాను. దూలగొండికి నీళ్లు పోయడమంటే మంటకు నూనె పోయడమని అప్పుడే నేర్చుకున్నాను. పటేల్ మంచం మీంచి లేచాడు. తలపాగా పోయింది. అంగీ పోయింది. గోడ అంచుకు వీపు ఆనించి, తాండూరు పటేల్ ఎద్దులా రుద్దుకుంటున్నాడు.

హకీం సాబ్‌కు నన్ను కాపాడాలనిపించింది. అదే కొంప ముంచింది. "పటేల్ సాబ్, పిలగానికి ఏం లోపం లేదు. తాఖత్ కొరకు నేనే ఇచ్చిన" అన్నాడు.

నన్ను చంపినా అంత నష్టం జరిగేది కాదు.

సాయమ్మ పరుగున పోయి, కొట్టంలోంచి గంపెడు పచ్చి పేడ తెచ్చింది. "కదలకు పటేలా" అని, గోడకు పూసినట్టు, నెత్తి నుంచి నడుము దాకా పూసింది.   పేడ ఆరిన తర్వాత, కళ్లు మాత్రమే కనబడే మొహంతో పటేల్ నన్ను పిలిచాడు.

"పిలగా. పూల గంపల గీ ఊదా గుత్తులు చూసిన నాడే నాకు ఫికర్ పట్టుకున్నది. రెండుమార్లు రాక ఆపింది అందుకే. ఒక్క మాట చెప్పు. తెలిసి పెంచినవా, తెల్వక పెంచినవా?"

చూశారా నా గతి. తెలిసే పెంచానంటే, నాలో లోపముంది, పిల్లనివ్వడు. తెలియక పెంచానంటే, మొక్కల గురించి చెప్పిందంతా అబద్ధం, పిల్లనివ్వడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు రెండు వైపులా దూలగొండే. హకీం సాబ్ కళ్లతో ఏదో సైగ చేస్తున్నాడు. సాయమ్మ పేడ చేతులతో నన్నే చూస్తున్నది. ఒక్క నిమిషం, తెలిసే అనేద్దామనుకున్నాను. అప్పుడు తాండూరు బండల మధ్య కూర్చుని మట్టి గురించి అడిగిన పిల్ల గుర్తొచ్చింది.

"తెల్వక పెంచిన మామా" అన్నాను. "నాకు ఏ మొక్కా తెల్వదు. ఆ దినం మా వాకిట్ల ఉన్నది జిల్లేడు ఒక్కటే. మీ బిడ్డ అడిగితే నోటికొచ్చింది చెప్పిన. తర్వాత అది నిజం చెయ్యనీకి తవ్విన. గరికకు నీళ్లు పోసిన, గునుగు పీకిన. తంగేడు గుట్ట మీదిది. మొత్తం పదకొండు రకాలు."

 ఆయన నాలుగు కడవల నీళ్లతో కడుక్కుని, నా అంగీ తొడుక్కుని, తలపాగా చంకలో పెట్టుకుని బండికి పోయాడు. స్టేషన్ దాకా వెంట నడిచాను. బండి కదిలేటప్పుడు ఒక్క మాటన్నాడు. "నా రివాజు నీకెరుకే. కాని పిల్ల చెవుల గూడ వేస్త."

తొమ్మిది రోజులు కార్డు రాలేదు. ఫైళ్లకు దారం కట్టబోయి నా వేళ్లకు కట్టుకున్నాను. పదో రోజు కార్డు కాదు, పటేలే వచ్చాడు, నా అంగీ ఉతికి మడతపెట్టి తెచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే తీగ వైపు చూసి రానన్నాడు.

"నేనైతే వద్దన్న" అన్నాడు. "అబద్ధమాడినోడే గద. పిల్ల ఏమన్నదో ఎరుకనా? అబద్ధం ఒక్క దినమాడిండు, దాన్ని నిజం చెయ్యనీకి ఎనిమిది నెలలు చాకిరి చేసిండు, ఇంత కష్టం పడ్డోడు రెండో అబద్ధం జోలికి పోడు అన్నది. నాకు మాట తోచలే. తాంబూలాలకు మీ మేనమామను తోలు." రెండడుగులు వేసి, మళ్లీ తిరిగాడు. "లగ్గం లోపల్నే గా తీగ నువ్వే పీకాలెనంట. నీ చేతుల్తోనే. గది గూడ పిల్ల మాటనే."

పీకాను. ఆ సంగతి అడగకండి. సాయమ్మ గంపెడు పేడతో పక్కనే నిలబడింది.

పెళ్లికి హకీం సాబ్ వచ్చి, నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. "నీ మీద నమ్మకం లేదు బేటా, ఈసారి నేనే దంచి తెచ్చిన" అన్నాడు. ఆ పొట్లం ఏమైందని ఎవరూ అడగవద్దు. మాకు ఏడుగురు పిల్లలు. సరే, నలుగురు.

సుగుణ కాపురానికి వస్తూనే కొంగు బిగించి వాకిట్లో దిగింది. ఏది గునుగో ఏది గరికో మొలక దశలోనే నాకు చూపించింది. ఆ గంప చేతికి అందిన రోజే, పంపినవాడికి ఆ గుత్తులేమిటో తెలియదని ఆమె తండ్రితో అన్నదట. ఇంత ఎడ్డోడు ఎవరూ ఉండరు బిడ్డా అని పటేల్ నమ్మలేదట. నమ్మడానికే వికారాబాద్ వచ్చాడన్న మాట, ఒళ్లంతా నమ్మి వెళ్లాడు.

అగ్నిసాక్షిగా చేసిన ప్రమాణాలు ఎన్ని నిలబెట్టుకున్నానో ఆమెకు తెలుసు. పేడ సాక్షిగా చేసిన ప్రమాణం మాత్రం మీ అందరి ముందూ మళ్లీ చేస్తున్నాను. సుగుణకు చూపించకుండా ధనియాల గింజ కూడా మట్టిలో పెట్టను. పెద్దలు చెప్పేది సగం విని లేవను. చుట్టాలకిచ్చే తువ్వాలు ఏ చెట్టు కిందా ఆరేయను. ఇక ఈ బొందిలో ప్రాణం ఉన్నంతవరకు, వాకిట్లో ఉన్న పూలకన్నా ఒక్క పువ్వు కూడా ఎక్కువ చెప్పను.

మా వాకిట్లో ఇప్పుడు నాలుగు వందల రకాల పూలున్నాయి.

నేను ఇది రాస్తుంటే సుగుణ నా భుజం మీద నుంచి చదువుతున్నది. పదకొండు.